క్రాష్ నివేదికలో మాయమైన ఫంక్షన్: ఎక్సెప్షన్ దాటి కెర్నెల్ స్టాక్‌ను వెనక్కి చదవడం



ఇంజనీరింగులో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే మన పిల్లలకు స్టాక్ ఒక అధ్యాయంలోనూ, ఎక్సెప్షన్ మరొక అధ్యాయంలోనూ వస్తాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి తాకే చోటు పరీక్షలో రాదు, ఉద్యోగంలో వస్తుంది. నాకు అలాగే వచ్చింది. తల్లిదండ్రులు మొదటి భాగం చదివి, అంకెలు మొదలైన చోట పిల్లలకు అప్పగించవచ్చు. అయితే చివర్లో ఫోను సంగతి ఉంది, అది మీ చేతిలోని వస్తువే.

2011లో నేను పనిచేసిన చోట మా జట్టు చేతిలో ఒక సర్వరు ఉండేది. లైనక్స్ కెర్నెల్‌కు మేము సొంతంగా చేర్చిన భాగం ఒకటి అందులో నడిచేది. మూడు నాలుగు వారాలకోసారి ఆ సర్వరు కుప్పకూలేది. కూలేటప్పుడు కెర్నెల్ ఒక నివేదిక అచ్చువేస్తుంది. దాన్ని ఊప్స్ అంటారు. ఏ ఫంక్షన్‌లో ఉండగా ప్రమాదం జరిగింది, దాన్ని పిలిచింది ఎవరు, వాళ్లను పిలిచింది ఎవరు అని వంశవృక్షం చెప్పినట్టు అందులో వరుసగా ఉంటుంది. మా నివేదిక ప్రకారం ప్రమాదం జరిగింది మెమరీని ఒక చోటి నుంచి మరో చోటికి నకలు చేసే రొటీనులో. అది కెర్నెల్‌తో పాటు వచ్చినదే, ఏళ్ల తరబడి లెక్కలేనన్ని యంత్రాల్లో నడిచినదే. దాన్ని అనుమానించే పని లేదు. దానికి చెడ్డ చిరునామా ఇచ్చినవాళ్లదే తప్పు. దాన్ని పిలిచినట్టు కనిపించింది మా జట్టులో ఆరు నెలల కిందట చేరిన అమ్మాయి రాసిన ఫంక్షన్.

ఆమె తన కోడును నాలుగుసార్లు చదువుకుని వచ్చి, "సార్, నా ఫంక్షన్‌లో ఈ రొటీనును నేను పిలవనే లేదండీ" అంది. కంపైలరు చిన్న ఫంక్షన్లను పెద్దవాటిలో కలిపేస్తుంటుంది, అలాంటిదేదో జరిగి ఉంటుందని నేనే సమాధానం చెప్పాను. రెండు వారాలు ఆ నింద ఆమె మీదే ఉంది. చివరికి తేలిందేమిటంటే ఆ రెండింటికీ మధ్యలో మూడో ఫంక్షన్ ఒకటి ఉంది. తప్పు దానిది. అది రాసింది నేను.

ఆ మూడో పేరు వరుసలోంచి ఎలా జారిపోయిందో తెలియాలంటే స్టాక్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

స్టాక్ అంటే దొంతర. వంటింట్లో కుండల దొంతి లాంటిదే: చివర పెట్టినదే ముందు తీస్తాం. ఒక ఫంక్షన్ ఇంకొక దాన్ని పిలిచినప్పుడు, పని ముగిశాక ఎక్కడికి తిరిగి రావాలో ఆ చిరునామాను ప్రాసెసరు దొంతర మీద పెడుతుంది. మన ఇళ్లలోని కంప్యూటర్లలో ఎక్కువగా ఉండే 64 బిట్ ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్లలో ఈ దొంతర పెద్ద అంకెల నుంచి చిన్న అంకెల వైపు పెరుగుతుంది. తిరగేసిన దొంతర అనుకోండి. మూడు రిజిస్టర్లు మనకు కావాలి. ఇప్పుడు నడుస్తున్న ఆదేశం ఎక్కడుందో ఆర్‌ఐపి చెబుతుంది. దొంతర కొస ఎక్కడుందో ఆర్‌ఎస్‌పి చెబుతుంది. ఇప్పటి ఫంక్షన్‌కు చెందిన భాగం, అంటే ఫ్రేము, ఎక్కడ మొదలైందో ఆర్‌బిపి చెబుతుంది.

ఈ మూడోదాని విషయంలో ఒక ఒప్పందం ఉంది. ప్రతి ఫంక్షన్ మొదలవగానే తనను పిలిచినవారి ఆర్‌బిపిని దొంతర మీద దాచి, ఆ దాచిన చోటునే తన కొత్త ఆర్‌బిపిగా పెట్టుకోవాలి. అలా చేస్తే ప్రతి ఫ్రేములోనూ ముందటి ఫ్రేము చిరునామా ఉంటుంది. గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్లిపోవచ్చు. ఇలా వెళ్లడాన్నే స్టాక్ అన్‌వైండింగ్ అంటారు, ఆ పని చేసే భాగం పేరు అన్‌వైండరు.

మా ముగ్గురికీ పొట్టి పేర్లు పెడదాం. ఆ అమ్మాయి ఫంక్షన్ ‘క’. నాది ‘చ’. నకలు రొటీను ‘ట’. ‘క’ పిలిచింది ‘చ’ను, ‘చ’ పిలిచింది ‘ట’ను. చిరునామాలు చిన్న అంకెలతో రాస్తున్నాను. ఒక్కో గది 8 బైట్లు.

5000: ‘క’ను పిలిచినవారి లోకి తిరుగు చిరునామా
4992: వారి ఆర్‌బిపి (ఇప్పుడు ‘క’ ఆర్‌బిపి విలువ 4992)
4984: ‘క’ సొంత లెక్కలు
4976: ‘క’లోకి తిరుగు చిరునామా
4968: దాచిన 4992 (ఇప్పుడు ‘చ’ ఆర్‌బిపి విలువ 4968)
4960: ‘చ’ సొంత లెక్కలు
4952: ‘చ’లోకి తిరుగు చిరునామా

ఇక్కడితో ఆగండి. ‘ట’ మొదలైంది. అది చేత్తో రాసిన అసెంబ్లీ రొటీను, ఇంకెవరినీ పిలవదు. వేగం కోసం అది ఒప్పందం పాటించదు. ఆర్‌బిపిని ముట్టుకోకుండానే తన పని చేసుకుంటుంది. అందువల్ల ఆర్‌ఎస్‌పి 4952కు వచ్చినా ఆర్‌బిపి మాత్రం ఇంకా 4968 దగ్గరే ఉంది. సరిగ్గా ఈ సమయంలో ‘ట’ చెడ్డ చిరునామాను తాకింది. పేజీ ఫాల్ట్ అనే ఎక్సెప్షన్ వచ్చింది.

అన్‌వైండరు ఏం చేస్తుందో మీరే వేలు పెట్టి చూడండి. ఆర్‌ఐపి ‘ట’లో ఉంది, కాబట్టి మొదటి పేరు ‘ట’. ఆర్‌బిపి 4968. ఒప్పందం ప్రకారం తిరుగు చిరునామా దానికి 8 పైన, అంటే 4976లో ఉండాలి. అక్కడున్నది ‘క’. రెండో పేరు ‘క’. ‘చ’లోకి తిరుగు చిరునామా 4952లో నిక్షేపంగా ఉంది, కానీ గొలుసు ఆ గది మీదుగా పోదు.

మరి ఆ 4952 సంగతి కెర్నెల్‌కు అసలు తెలియదా? కొంత తెలుసు. గొలుసుతో పాటు అది దొంతరలోని ప్రతి గదినీ తడిమి చూస్తుంది. ఏదైనా ఫంక్షన్ చిరునామాలా కనిపించి, గొలుసులో లేకపోతే, దాని ముందు ప్రశ్నార్థకం గుర్తు వేసి అచ్చువేస్తుంది. మా నివేదికలో ‘ట’కూ ‘క’కూ మధ్య ప్రశ్నార్థకంతో ‘చ’ ఉంది. అలాంటి వరుసలు చాలావరకు ఎప్పుడో ముగిసిపోయిన పిలుపుల తాలూకు చెత్త. అందుకే అనుభవజ్ఞులు వాటిని దాటేసి చదువుతారు. నేనూ అనుభవజ్ఞుణ్ణే మరి.

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. పిలుపుకూ ఎక్సెప్షన్‌కూ తేడా ఏమిటి? పిలుపు ఇద్దరి ఒప్పందంతో జరుగుతుంది. ఎక్సెప్షన్‌కు అలాంటి ఒప్పందం లేదు. అది రెండు ఆదేశాల మధ్య ఎక్కడైనా రావచ్చు: ఫ్రేము వేసుకోకముందు, సగం వేసుకున్నాక, తీసేస్తున్నప్పుడు. టైమరు అంతరాయం కూడా అంతే. కాబట్టి ఫంక్షన్ల సరిహద్దులో మాత్రమే నిజమయ్యే నియమాన్ని పట్టుకుని ఎక్సెప్షన్ దాటబోతే కాలు జారుతుంది.

పైన చెప్పిన సందర్భం కాస్త నయం, ఎందుకంటే ఊప్స్ నివేదిక ప్రమాదం జరిగిన చోటి రిజిస్టర్లతోనే మొదలవుతుంది. ఎక్సెప్షన్‌ను సంభాళించే ఫంక్షన్ లోపల ఉండగా వెనక్కి చదవాల్సి వస్తే పరిస్థితి ఇంకా కష్టం. ఎక్సెప్షన్ రాగానే ప్రాసెసరు తనంతట తానే అయిదు విలువలు దొంతర మీద పెడుతుంది. ఆగిపోయిన ఆర్‌ఐపి, అప్పటి ఆర్‌ఎస్‌పి వాటిలో ఉన్నాయి. పేజీ ఫాల్ట్ వంటి వాటికి తప్పు సంకేతం కూడా ఒకటి చేరుతుంది. తరువాత కెర్నెల్ ప్రవేశద్వారంలోని అసెంబ్లీ కోడు మిగతా రిజిస్టర్లను కూడా పేరుస్తుంది. మొత్తం 21 గదులు, 168 బైట్ల మూట. ఆ పైన సంభాళించే ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ ఒప్పందం ప్రకారం ఆర్‌బిపిని దాస్తుంది. అందులో ఉన్నది ఇంకా పాత 4968. గొలుసు పట్టుకుంటే సంభాళించే ఫంక్షన్, ప్రవేశద్వారం, తరువాత నేరుగా ‘క’. ఈసారి ‘చ’తో పాటు ప్రమాదం జరిగిన ‘ట’ కూడా పోయింది! ‘ట’ చిరునామా ఆ 168 బైట్ల మూటలో భద్రంగా ఉన్నా, అక్కడొక మూట ఉందని అన్‌వైండరుకు చెప్పినవారు లేరు.

2016లో జోష్ పోయింబోఫ్ అనే కెర్నెల్ ఇంజనీరు దీనికి చేసిన సవరణ నాకు చాలా ఇష్టం. దొంతర మీది చిరునామాలన్నీ 8తో భాగించబడతాయి, కాబట్టి వాటి చివరి బిట్ ఎప్పుడూ సున్నాయే. ఆ బిట్ ఖాళీగా ఉన్నట్టే. ప్రవేశద్వారంలోని కోడు మూట కట్టడం పూర్తికాగానే, మూట చిరునామాకు 1 కలిపి ఆర్‌బిపిలో పెడుతుంది. అన్‌వైండరు గొలుసులో నడుస్తూ బేసి అంకె కనిపించగానే ‘ఇది మామూలు ఫ్రేము కాదు, ఎక్సెప్షన్ సరిహద్దు’ అని గుర్తిస్తుంది. 1 తీసేసి, మూట విప్పి, అందులోని ఆర్‌ఐపిని చదువుతుంది. ‘ట’ దొరికింది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన లైనక్స్ 4.10లో ఇది చేరింది.

కానీ జాగ్రత్తగా చూడండి. మూటలోని ఆర్‌బిపి 4968. అక్కడి నుంచి మళ్లీ 4976, ‘క’. నా ‘చ’ ఇంకా దొరకలేదు. సరిహద్దును గుర్తించడం ఒకటి, ఆ అవతల ఉన్న ఫంక్షన్ ఏ అవస్థలో ఆగిందో తెలుసుకోవడం మరొకటి. రెండోదానికి ఆర్‌బిపి ఒప్పందం చాలదు. ‘ఈ ఆదేశం దగ్గర ఆగితే, తిరుగు చిరునామా ఫలానా చోట ఉంటుంది’ అని ఆదేశం ఆదేశానికీ చెప్పే పట్టిక కావాలి.

అలాంటి పట్టిక కొత్త ఆలోచనేమీ కాదు. డ్వార్ఫ్ అనే పద్ధతిలో కంపైలర్లు ఎప్పటి నుంచో ఇస్తున్నాయి. 2006లో లైనక్స్ 2.6.18 ఆ పద్ధతిని కెర్నెల్‌లోకి తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని తీసేశారు. డ్వార్ఫ్ అన్నీ చెప్పగలదు, అందుకే చాలా క్లిష్టం. చేత్తో రాసిన అసెంబ్లీలో ఆ వివరాలు కూడా చేత్తోనే రాయాలి, అక్కడ పొరపాట్లు దొర్లుతాయి. పైగా అన్‌వైండరును పిలిచేది కెర్నెల్ ఇప్పటికే చిక్కుల్లో ఉన్నప్పుడు. నిప్పు ఆర్పడానికి వచ్చిన బండే తగలబడితే ఎవరు ఊరుకుంటారు?

పదకొండేళ్ల తరువాత, 2017 నవంబరులో లైనక్స్ 4.14తో పాటు ఓఆర్‌సి వచ్చింది. అదీ పోయింబోఫ్ పనే. కథల్లో డ్వార్ఫ్‌లకు ఓర్క్‌లు ఆజన్మ శత్రువులు. పేరు అందుకే అలా పెట్టామని కెర్నెల్ పత్రాలే చెబుతాయి. ఇందులో ఆబ్జ్‌టూల్ అనే పనిముట్టు, కంపైలరు చెప్పిన మాట మీద ఆధారపడకుండా, తయారైన యంత్ర కోడును తానే చదువుతుంది. ఏ ఆదేశం దగ్గర దొంతర ఎంత పెరిగిందో లెక్కగట్టి చిన్న పట్టిక రాసిపెడుతుంది. ‘ట’ వరుసలో ఉండేది ఇంతే: ‘ఆర్‌ఎస్‌పికి 8 కలుపు, అది ఫ్రేము హద్దు, హద్దుకు 8 కింద తిరుగు చిరునామా’. మూటలోని ఆర్‌ఎస్‌పి 4952. హద్దు 4960. దానికి 8 కింద 4952. అక్కడున్నది ‘చ’! తరువాత ‘చ’ వరుస చూస్తే ‘ఆర్‌బిపికి 16 కలుపు’. 4968కి 16 కలిపితే 4984, దానికి 8 కింద 4976, అక్కడ ‘క’. ముగ్గురూ వరుసగా వచ్చారు.

ప్రవేశద్వారపు అసెంబ్లీకి కూడా పట్టికలో గుర్తులున్నాయి: ఇక్కడ ఆగితే పూర్తి మూట ఉంది, ఇక్కడ ఆగితే ప్రాసెసరు పెట్టిన అయిదు విలువలే ఉన్నాయి అని. మూట సగం కట్టినప్పుడు ఇంకో అంతరాయం వచ్చినా దారి తప్పకుండా ఉండటానికి ఇది.

ఇందులో ఒక చిన్న మెలిక చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే అన్‌వైండరు రాసేవాళ్లు తడబడే చోటు ఇదే. తిరుగు చిరునామా అంటే పిలుపు ఆదేశం తరువాతి ఆదేశం. పిలిచిన ఫంక్షన్ ఎప్పటికీ తిరిగి రానిదైతే, కంపైలరు దాని తరువాత ఏమీ రాయదు. ఆ తిరుగు చిరునామా పక్క ఫంక్షన్ మొదటి ఆదేశం మీద పడవచ్చు. అందుకే మామూలు ఫ్రేము అయితే ఓఆర్‌సి చిరునామాలో 1 తగ్గించి పట్టికలో వెతుకుతుంది. ఎక్సెప్షన్ మూటలోని ఆర్‌ఐపికి అలా తగ్గించకూడదు. అది తిరుగు చిరునామా కాదు, ఆగిన ఆదేశమే. అక్కడ 1 తగ్గిస్తే, ఫంక్షన్ మొదటి ఆదేశం దగ్గర ఆగినప్పుడు పక్క ఫంక్షన్ వరుస చేతికొస్తుంది. ఒక్క అంకె తేడా, వంశం మారిపోతుంది.

ఖర్చు లేకుండా ఏదీ రాదు. ఓఆర్‌సి పట్టికలకు 2 నుంచి 4 మెగాబైట్ల మెమరీ పడుతుంది. అయితే ప్రతి ఫంక్షన్ ఆర్‌బిపిని దాచే పాత పద్ధతితో కెర్నెల్ కోడు 3.2 శాతం పెరిగేది, కొన్ని పనుల్లో 5 నుంచి 10 శాతం వేగం తగ్గేది. నన్నడిగితే ఈ బేరం లాభమే.

ఇదంతా నివేదిక చదువుకోవడానికేనా అని మీరు అడగవచ్చు. 2015లో లైనక్స్ 4.0తో లైవ్ పాచింగ్ వచ్చింది. నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండానే లోపమున్న ఫంక్షన్ స్థానంలో కొత్తదాన్ని పెట్టడం అది. పాత ‘చ’ను మార్చాలంటే, ఈ క్షణంలో ఏ ప్రాసెస్ అయినా ‘చ’ మధ్యలో ఉందా అని ముందు చూడాలి. అది చెప్పేది అన్‌వైండరే. అది ‘చ’ను దాటేసి ‘ఎవరూ లేరు’ అంటే, కెర్నెల్ ఆ ప్రాసెస్‌ను కొత్త కోడుకు మార్చేస్తుంది. కాసేపటికి అది పాత ‘చ’ సగంలో కళ్లు తెరుస్తుంది. ఆ తరువాత ఏ డేటా పాడవుతుందో ఎవరూ చెప్పలేరు. అందువల్ల 2017 నాటి 4.12 నుంచి నమ్మదగిన అన్‌వైండింగ్ అని వేరుగా పెట్టారు. ఆర్‌బిపి గొలుసు వాడే కెర్నెల్‌లో, దొంతర మధ్యన కెర్నెల్ లోపల వచ్చిన ఎక్సెప్షన్ మూట కనిపిస్తే, ఆ అన్‌వైండరు ‘ఈ దొంతర గురించి నేను హామీ ఇవ్వలేను’ అని తిప్పి పంపుతుంది. మార్పు ఆ ప్రాసెస్‌కు వాయిదా పడుతుంది. ఓఆర్‌సి ఉన్న కెర్నెల్‌లో ఈ నిరాకరణ అవసరం లేదు.

ఇక ఫోను సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేదీ లైనక్స్ కెర్నెలే, ప్రాసెసరు మాత్రం ఎక్కువగా 64 బిట్ ఆర్మ్. అక్కడ పిలుపు ఆదేశం తిరుగు చిరునామాను దొంతర మీద పెట్టదు, లింక్ రిజిస్టరు అనే ప్రత్యేక రిజిస్టరులో పెడుతుంది. ఇంకెవరినీ పిలవని ‘ట’ దాన్ని దొంతరకు ఎక్కించనే అక్కరలేదు. అప్పుడు ‘చ’ ఉన్న ఒకే ఒక చోటు ఆ రిజిస్టరు. ఆర్మ్ అన్‌వైండరు చాలాకాలం సరిహద్దు దగ్గర ఆగిన ఆదేశాన్ని చెప్పేది గానీ లింక్ రిజిస్టరును చెప్పేది కాదు. దానికీ కారణం ఉంది: పిలుపు సమయంలో తప్ప ఆ రిజిస్టరులో తిరుగు చిరునామానే ఉందన్న హామీ లేదు. ‘ట’ మధ్యలో ఇంకెవరినో పిలిచి తిరిగి వస్తే, అందులో ‘ట’ చిరునామానే మిగిలి ఉంటుంది.

2024లో మార్క్ రట్లాండ్ పంపిన మార్పులు ఆర్మ్‌లో ఎక్సెప్షన్ మూటకు స్పష్టమైన గుర్తు పెట్టాయి. వాటి తొలి రూపంలో అన్‌వైండరు సరిహద్దును గుర్తించి, ఆగిన ఆదేశాన్నీ, లింక్ రిజిస్టరునూ రెండింటినీ అచ్చువేసేది. మొదటిదాని పక్కన పీ అక్షరం, రెండోదాని పక్కన ఎల్ అక్షరం ఉండేవి. ఎల్ కనిపిస్తే అది నిజం కావచ్చు, కాకపోవచ్చు, కోడుతో సరిచూసుకోవాల్సి వచ్చేది. 2025 జనవరిలో వచ్చిన లైనక్స్ 6.13 నుంచి సరిహద్దు గుర్తూ, పీ అక్షరమూ ఉన్నాయి, లింక్ రిజిస్టరు వరుసను మాత్రం ఆ విడుదలకు ముందే తీసేశారు. ఆనాడు నేను దాటేసిన ప్రశ్నార్థకానికి ఈ ఎల్ దగ్గరి చుట్టం. కాకపోతే ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పేది.

కోడు చదవాలనుకునేవారు లైనక్స్ మూలంలో ఎక్స్86 విభాగపు కెర్నెల్ ఫోల్డరు తెరవండి. అన్‌వైండ్ ఫ్రేమ్, అన్‌వైండ్ ఓఆర్‌సి, అన్‌వైండ్ గెస్ అనే మూడు ఫైళ్లు పక్కపక్కనే ఉంటాయి. మూడోది పేరుకు తగ్గట్టే దొంతరను తడిమి ఊహించేది. చిన్నది కాబట్టి దానితో మొదలుపెట్టడం సులువు.

అభ్యాసం: పై పటంలో ‘ట’ చేత్తో రాసిన రొటీను కాదు, ఒప్పందం పాటించే మామూలు ఫంక్షన్ అనుకోండి. అది పాత ఆర్‌బిపిని దొంతర మీద దాచింది, కానీ తన కొత్త ఆర్‌బిపిని ఇంకా పెట్టుకోలేదు. సరిగ్గా అప్పుడు టైమరు అంతరాయం వచ్చింది. ఆర్‌బిపి గొలుసు ఏ పేర్లు చెబుతుంది? ఓఆర్‌సి పట్టికలో ఆ ఆదేశం వరుసలో ఏమి ఉండాలి? కాగితం మీద వేసుకున్నాకే కింద చూడండి.

జవాబు: ఆర్‌ఎస్‌పి 4944, ఆర్‌బిపి ఇంకా 4968. గొలుసు ‘ట’, ‘క’ అని చెబుతుంది. ‘చ’ ఈసారీ పోతుంది. ఓఆర్‌సి వరుసలో ‘ఆర్‌ఎస్‌పికి 16 కలుపు’ అని ఉండాలి. హద్దు 4960, తిరుగు చిరునామా 4952లో, ‘చ’ దొరుకుతుంది. దాచిన ఆర్‌బిపి 4944లో ఉందని కూడా ఆ వరుసే చెబుతుంది.